చెడని చోటు వెతికే దేవసహాయం

రత్నమాలకి తన ఎడం చేతి మీద అనుమానం మొదలై అప్పటికి నెలన్నర అయింది. చేతికి జబ్బేమీ లేదు. నిండు బిందె ఎత్తుతుంది, పిండి రుబ్బుతుంది, తెల్లారినా లేవని మొగుణ్ణి మంచం మీంచి గుంజి లేపుతుంది కూడా. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు మాత్రం ఆ చెయ్యి బండిని ఎడం పక్కకి లాగేస్తోందని అందరూ తేల్చేశారు. పదిమందీ ఒకే మాట అంటుంటే సొంత చెయ్యి కూడా పరాయిదానిలా కనిపిస్తుంది. రాత్రిళ్ళు అన్నం కలుపుతూ ఆ చెయ్యి వైపు చూసుకునేది.

ఆమెది అల్లవరం. అక్కణ్ణుంచి అమలాపురం బడికి పందొమ్మిది మంది పిల్లల్ని తీసుకెళ్ళే వ్యాను ఆమెది. ఆరేళ్ళుగా ఆమే నడుపుతోంది. మొగుడు అంజిబాబు రొయ్యల చెరువు మీద మేత చల్లే పనిలో ఉంటాడు. అతనికి బండంటే భయం, పక్కసీట్లో కూర్చున్నా కాళ్ళతో లేని బ్రేకు తొక్కుతుంటాడు. ఆ వానాకాలంలో ఒకరోజు, పిల్లల్ని దింపేసి ఖాళీ బండితో తిరిగొస్తుంటే కాలవగట్టు మలుపులో బురదకి జారింది. ముందు ఎడం చక్రం తూము దిమ్మకి ఠంగున కొట్టుకుంది. ఆమెకి గీరుడు కూడా తగల్లేదు. బండిని ఒక పెద్ద షెడ్డులో ఇచ్చారు. వాళ్ళు పన్నెండు రోజులు ఉంచుకుని, కొత్త పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి ఇచ్చారు.

ఆ రోజు నుంచీ బండి ఎడమకి పోతోంది. మూడుసార్లు వెనక్కి తీసుకెళ్ళింది. మూడుసార్లూ వాళ్ళు టేపు పెట్టి, ఆమె కళ్ళ ముందే కొలిచి, రెండు పక్కలా సమానమని చూపించారు. మూడోసారి అక్కడి మేస్త్రి మెల్లిగా అన్నాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. దెబ్బ తగిలేక చేతిలో బెరుకు మిగిలిపోద్దండి. లాగేది బండి కాదండి."

ఆ మాట బడి కరస్పాండెంటు కేశవరావు మాస్టారి దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి, తప్పు దిద్దకుండా వదిలిపెడితే ఆయనకి అన్నం సయించదు. శుక్రవారం నాడు పిలిచి, కుర్చీ వేయించి, మంచినీళ్ళిచ్చి మరీ చెప్పారు.

"బండి నీదే, సంపాదనా నీదే. స్టీరింగు మాత్రం సోమవారం నుంచి వేరే కుర్రాడు పడతాడమ్మా. పిల్లల విషయం కదా, నువ్వే ఆలోచించు."

ఆలోచిస్తే ఆమెకీ నిజమేననిపించింది. అసలు బాధంతా అదే. తనదే తప్పయితే, ఆ పందొమ్మిది మందినీ ఎక్కించుకునే హక్కు తనకి లేదు. తప్పు తనది కాకపోతే ఆ సంగతి ఎవరు చెప్పాలి?

ఐనవిల్లి రోడ్డులో వంకరపోయిన బళ్ళని తిన్నగా చేసే దేవసహాయం అని ఒకాయన ఉన్నాడని పాలకేంద్రం దగ్గర విన్నది. "నాకొక్క రోజు ఇవ్వండి మాస్టారూ. మీరే వచ్చి చూడండి. ఆయన కూడా నా చెయ్యే అంటే తాళాలు మీ చేతిలో పెట్టేస్తాను" అంది. మాస్టారు శనివారం పొద్దున్న ఏడున్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు.

షెడ్డంటే షెడ్డేం కాదు. కాలవ పక్కన నాలుగు కొబ్బరి చెట్ల మధ్య ఒక రేకుల పందిరి. దాని కింద భూమిలోకి పాతిన లావుపాటి ఇనప స్తంభాలు నాలుగు. దేవసహాయం అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. అరవై నాలుగేళ్ళుంటాయి, సన్నగా చెరుకు గడలా ఉన్నాడు. వాళ్ళని చూడగానే చెయ్యి కడుక్కుని లేచాడు.

"ఆయ్, రండమ్మా. రండి మాస్టారూ. టీ తాగుతారాండీ?"

"టీ సంగతి తర్వాత బాబాయి గారూ. బండి ముందు ఎడం పక్క దెబ్బ తగిలిందండీ, ఒకసారి అక్కడ..."

"దెబ్బ ఎక్కడికి పోద్దమ్మా, అక్కడే ఉంటది. ముందు దెబ్బ తగల్ని చోటు ఎక్కడుందో చూద్దాం" అంటూ లుంగీ ఎగ్గట్టి, ముందువైపు కన్నెత్తయినా చూడకుండా, బండి నడుము కిందకి దూరిపోయాడు. రెండు పాదాలు మాత్రం బయట మిగిలాయి.

మాస్టారు రత్నమాల వైపు తిరిగి కళ్ళెగరేశారు. తలనొప్పి అంటే మోకాలు చూసే వైద్యుడి దగ్గరికి తీసుకొచ్చావా అన్నట్టుంది ఆ చూపు.

దేవసహాయం భార్య అమ్మాజీ టీ గ్లాసులు పట్టుకొచ్చింది. మాటల మనిషి. ఆ రెండు పాదాల వైపు గడ్డంతో చూపించి మొదలెట్టేసింది.

"ఆయన అంతేనండి. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నన్ను చూళ్ళేదండి. వాకిట్లో మా బాబాయి కొత్త ట్రాక్టరు ఉంటే దాని కిందకి దూరేరు. పిల్ల నచ్చిందా అంటే, 'బాగా తిన్నగా ఉందండి' అన్నారు. నా గురించే అనుకుని మావాళ్ళు తాంబూలాలు పుచ్చేసుకున్నారు."

"వింటన్నానే" అని బండి కిందనుంచి గొంతు వచ్చింది.

"వినండి. ఎస్సై గారి జీపు సంగతి కూడా చెప్తాను" అంది అమ్మాజీ. ఆ జీపు టీకొట్టు ముందు ఆగి ఉంటే, కొత్త మోడలు కదా అని ఈయన టేపు పట్టుకుని కిందకి దూరాడట. ఎస్సై గారు వచ్చి కాళ్ళు పట్టి లాగితే, ఈయన ఆయనకి దణ్ణం పెట్టి, "ఇంకొక్క కొలత మిగిలిందండి, అయిపోద్ది" అన్నాడట. స్టేషన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఎస్సై గారే నవ్వేసి, జీపు లోపలికి తెప్పించి, ఆ మిగిలిన కొలత తీసుకోనిచ్చారట.

ఆ పిచ్చి ఆయనకి కువైట్‌లో పట్టుకుంది. పుట్టింది కె.గంగవరం దగ్గర, కూలికి వరి కోసే ఇంట్లో. చదువు ఐదో తరగతితో సరి. ఇరవై ఆరేళ్ళకి కువైట్ వెళ్ళి, బళ్ళు బాగుచేసే ఒక పెద్ద కార్ఖానాలో ఇనపరజను ఊడ్చే పనిలో కుదిరాడు. అక్కడ ఎర్రటి వెలుగుతో ఛాసీని కొలిచే మిషను ఉండేది. ఛాసీ అంటే బండికి వెన్నుపూస, పైనున్నదంతా దాని మీద కూర్చోవాల్సిందే. ఆ మిషను నడిపే ఈజిప్టు ముసలాయన ఒకరోజు చీపురు పట్టుకుని నోరు తెరుచుకు చూస్తున్న ఈయన్ని పిలిచి, వచ్చీరాని హిందీలో చెప్పాడట: ఇది కొలుస్తుంది, అంతే. ఎక్కణ్ణుంచి కొలవాలో దీనికి తెలీదు, అది మనం చెప్పాలి. ఆ ముక్క కోసమే ఆ ముసలాయన దగ్గర పదకొండేళ్ళు ఉండిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు అందరూ టీవీలు, దుప్పట్లూ తెచ్చుకుంటే, ఈయన పెట్టె నిండా నోటుపుస్తకాలు తెచ్చుకున్నాడు. ఏ బండికి ఎక్కడ ఏ చిల్లు ఉంటుందో, దేనికి దేనికి మధ్య ఎంత దూరమో, అన్నీ బొమ్మలే. ఇప్పటికీ ఎక్కడ మంచి బండి ఆగి ఉన్నా, దాని కిందకి దూరి రాసుకొస్తాడు.

"చెడిపోయిన బండ్ల కొలతలు ఎందుకండి" అన్నాడు కిందనుంచి బయటికొస్తూ, మట్టి దులుపుకుంటూ. "బాగున్నప్పుడు ఎలా ఉండేదో తెలిస్తే కదా, చెడిందాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలిసేది."

బండిని నాలుగు దిమ్మల మీదకి ఎక్కించారు. మాస్టారు కాలితో నేల తట్టి, సిమెంటు పగుళ్ళు చూసి అన్నారు. "ఈ నేల మట్టంగా లేదే. దీని మీద పెట్టి ఏం కొలుస్తారు?"

"భలేవోరే! మన నల్లమట్టి మీద మట్టమైన నేల ఎక్కడుంటదండి? వానకి పొంగుద్ది, ఎండకి బిగుసుకుంటది. నాలుగుసార్లు సిమెంటు పోసి నాలుగుసార్లూ ఓడిపోయేనండి. అందుకని నేలని నమ్మడం మానేసేను."

నీళ్ళు నింపిన ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. ఒక చివర ఒక స్తంభం దగ్గర, రెండో చివర ఇంకో స్తంభం దగ్గర పెట్టి, నీటి మట్టం నిలిచిన చోట సుద్దతో గీత పెట్టాడు. అలా నాలుగు స్తంభాలకీ గీతలు పెట్టి, వాటి వెంబడి నైలాను దారాలు బిగించి కట్టాడు. రత్నమాల చూస్తూ ఉండిపోయింది. కాళ్ళ కింద నేల వంకరే. మోకాలి ఎత్తులో మాత్రం, ఎక్కడా లేని ఒక తిన్నటి నేల ఆ దారాల మధ్య పుట్టుకొచ్చింది. చేత్తో తాకితే చెదిరిపోతుందేమోనని ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇప్పుడు కొలతండి. నేను కొలవను" అన్నాడు దేవసహాయం.

"మరెవరు కొలుస్తారు?" అన్నారు మాస్టారు.

"మీరిద్దరూనండి. నేను కొలిస్తే నాకు పని దొరికేటట్టు కొలుస్తాను. బండి మంచిదని మీరంటారు, చెయ్యి మంచిదని అమ్మాయి గారంటారు. తగువులో ఉన్నోళ్ళు చెరో చివర పట్టుకుంటేనండి, టేపు మధ్యలో సాగదు. నా షెడ్డులో ఎప్పుడూ ఇంతేనండి."

మాస్టారికి ఆ పద్ధతి నచ్చింది. చొక్కా చేతులు మడిచారు.

ఛాసీ అడుగున చిల్లుల్లోంచి, తాపీ మేస్త్రీలు గోడకి వేలాడదీసే తూకం గుండ్లు నాలుగు వేలాడదీశాడు. వెనక రెండు, ముందు రెండు. ముందువైపు చిల్లుల చుట్టూ పెద్ద షెడ్డువాళ్ళు గీసిన పసుపు సున్నాలు ఇంకా ఉన్నాయి. గుండ్లు ఊగి ఊగి నిలిచాయి. మూల నుంచి మూలకి, టేపు ఒక చివర రత్నమాల, ఒక చివర మాస్టారు. ఒక మూల కొలిచారు. రెండో మూల కొలిచారు.

వెంట్రుకంతైనా తేడా లేదు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ కొలిపించారు. మళ్ళీ అంతే. ఆయన గొంతులో గెలుపు లేదు, జాలే ఉంది. "చూశావుగా అమ్మా. చతురస్రమైనా, దీర్ఘచతురస్రమైనా, మూలకి మూల సమానమైతే వంకర లేనట్టే. నేను పిల్లలకి ముప్పై ఏళ్ళు చెప్పిందిదే."

రత్నమాల టేపు వదిలేసింది. అది గిర్రున చుట్టుకుపోయి మాస్టారి చేతిలోకి వెళ్ళిపోయింది. కళ్ళల్లోకి ఏదో వచ్చింది గానీ తల తిప్పేసుకుని, జాకెట్టులోంచి బండి తాళాలు తీసింది.

"ఆగండమ్మా" అన్నాడు దేవసహాయం. ఆయన మొహం అదోలా ఉంది. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన తగిలినవాడిలా ముక్కు ఎగబీల్చాడు. "ఈ బండి వయసెంతండి?"

"తొమ్మిదేళ్ళండి. ఆరేళ్ళ కిందట సెకండ్లో కొన్నాను."

"తొమ్మిదేళ్ళు మన రోడ్ల మీద తిరిగిన బండి, తూముని గుద్దిన బండి, వెంట్రుకంత తేడా లేకుండా ఉందా! మాస్టారూ, మీ క్లాసులో నలభై మందికీ నూటికి నూరు వస్తే ఏం చేస్తారండి?"

మాస్టారు "కాపీ కొట్టారంటాను" అన్నారు.

"అదేనండి నా భయం. ఈ చిల్లుల్లో ఏదో అబద్ధమాడతా ఉంది."

మళ్ళీ కిందకి దూరాడు. ఈసారి ఆయన వెనకాలే రత్నమాల కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని దూరింది. తన చేతి మీద తీర్పు చెప్పే చిల్లు ఎలా ఉంటుందో తను చూడాలి. దేవసహాయం కళ్ళు మూసుకుని, ముందువైపు కుడి పక్క చిల్లులో చిటికెన వేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. తర్వాత ఎడం పక్క దాన్లో పెట్టాడు. పెట్టి అక్కడే ఆపేశాడు.

"అమ్మా, మీ వేలు పెట్టండి ఇందులో. ఏవన్నా గుచ్చుకుంటందా?"

పెట్టింది. అంచు కాస్త గరుగ్గా, పళ్ళు మొలిచినట్టు ఉంది. కుడి పక్క చిల్లులో పెట్టింది. పిల్లాడి నోట్లో వేలు పెట్టినంత నున్నగా ఉంది.

"అది కంపెనీ చిల్లమ్మా. ఒక్క దెబ్బకి గుద్ది, ఆ పైన రంగులో ముంచుతారు. లోపల కూడా రంగుంటది. ఇది డ్రిల్లు చిల్లు. ఎవరో తర్వాత కొట్టేరు. ఎవరి దగ్గర కొన్నారు ఈ బండి?"

"సఖినేటిపల్లి ఆయన దగ్గరండి. కొబ్బరికాయలు తోలేవారు."

"రేవు దాటించేవోడా?"

"అవునండి, రోజూ పంటు మీద నర్సాపురం..."

అంటుండగానే ఆమెకి తట్టింది. పంటు మీద, అంటే బళ్ళని రేవు దాటించే ఆ బల్లకట్టు మీద, గోదారి ఆటుపోట్లకి బండి కదలకుండా తాడేసి కట్టాలి. కుడి పక్కన తాడు కట్టడానికి ఒక కమ్మీ ఉంది. ఎడం పక్కన ఏమీ లేదు. అక్కడ కొక్కెం బిగించుకోవడానికి ఆయన ఒక చిల్లు కొట్టించుకుని ఉంటాడు. అమ్మేటప్పుడు కొక్కెం ఊడదీసుకుపోయాడు. చిల్లు మిగిలింది.

"మరి కంపెనీ చిల్లు ఏమైందండీ?"

దేవసహాయం ఆ డ్రిల్లు చిల్లు నుంచి వెనక్కి, వేలి కొసతో, నిద్రపోతున్న పిల్లి వీపు నిమిరినట్టు మెల్లిగా నిమురుకుంటూ వెళ్ళాడు. అంగుళం కూడా వెళ్ళకుండానే ఆగాడు. అక్కడ మట్టి పట్టి ఉంది. అంతటా ఉన్న మట్టే కదా అనుకుంది రత్నమాల. ఆయన కిరసనాయిలులో ముంచిన కొబ్బరిపీచు అడిగి తీసుకుని, అక్కడ రుద్దాడు. పైనున్న బురద రాలిపోయింది. దాని కింద నున్నగా, అద్దినట్టుగా, బొట్టంత గుండ్రటి మట్టి బిళ్ళ.

"కందిరీగ" అన్నాడు నవ్వుతూ. "గూడు కట్టుకుని మూత వేసేసింది చూడండి. మేస్త్రీ ఎవడైనా ఇంత నున్నగా పూత పూస్తాడాండీ!"

పుల్లతో పొడిస్తే మట్టి రాలింది. దాని వెనక, తొమ్మిదేళ్ళ నాటి రంగు చెక్కుచెదరకుండా, ఒక చిన్న నల్లటి చిల్లు కన్ను తెరిచింది. తన బతుకు నెలన్నరగా వేలాడుతున్నది ఈ గోరంత చోటు మీదా? పెద్ద షెడ్డువాళ్ళు టార్చిలైట్లు వేసి చూసినా దొరకని చోటు, ఈయన కళ్ళు మూసుకుని వేలితో ఎలా పట్టాడు?

తూకం గుండుని ఆ చిల్లులోకి మార్చారు. మాస్టారు టేపు అందుకున్నారు. ఒక మూల కొలిచి, సుద్దతో నేల మీద అంకె వేశారు. రెండో మూల కొలిచి వేశారు. కింద గీత గీసి తీసివేశారు, క్లాసులో బోర్డు మీద చేసినట్టే.

"ఇరవై మూడు మిల్లీమీటర్లు" అన్నారు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచారు. "ఇరవై మూడే."

దేవసహాయం అప్పుడు లోపలికి వెళ్ళి, అట్టలు ఊడిన నోటుపుస్తకం ఒకటి తెచ్చాడు. ఎప్పుడో ముమ్మిడివరంలో చర్చి పండక్కి వచ్చిన ఇలాంటి వ్యానునే కొలిచి రాసుకున్న పేజీ తీసి మాస్టారి చేతికిచ్చాడు. మూలకి మూల ఎంత ఉండాలో అందులో ఉంది. ఈ బండికి ఎంత ఉందో నేల మీద ఉంది. అందులోంచి ఇది తీసేస్తే అదే ఇరవై మూడు.

"ఇది ముందే చూపించొచ్చుగా!" అన్నారు మాస్టారు.

"ముందే చూస్తే కళ్ళు దాన్నే ఎతుక్కుంటాయండి."

"అయితే ఆ షెడ్డువాళ్ళు మోసం చేశారా?"

"అబ్బే, లేదండి బాబూ. వాళ్ళూ ఛాసీని లాగేరు. బాగానే లాగేరు. ఆ దొంగ చిల్లు సమానంగా వచ్చేసరికి ఆగిపోయేరు. ఇంకా లాగాల్సింది ఉందని వాళ్ళకేం తెలుసు? పని తప్పు కాదు, మొదలెట్టిన చోటు తప్పు." రత్నమాల వైపు తిరిగాడు. "ముందు ఎడం చక్రం అంగుళం వెనక ఉంది తల్లీ. ఏ బండైనా ఎడమకే పోద్ది. నెలన్నర ఈ వంకర బండిలో పందొమ్మిది మందిని గీత తప్పకుండా తీసుకెళ్ళేవంటే, దాన్ని తిన్నగా పట్టుకున్నది ఆ చెయ్యే."

రత్నమాల కొబ్బరి చెట్టుకి ఆనుకుని, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాజీ వచ్చి పక్కన నిలబడి, "ఏడిస్తే ఏడువమ్మా, ఆ మగాళ్ళు ఎలాగూ బండి కిందే చూస్తారు" అంది. దాంతో ఏడుపు నవ్వులోకి దిగింది.

మిగిలిన రోజంతా లాగుడే. ఛాసీకి గొలుసు వేసి స్తంభానికి కట్టి, జాకీతో కొంచెం బిగించడం, బిగువు మీద ఉండగా సుత్తితో చుట్టూ తట్టడం, వదలడం, కొలవడం. ఇనుము పంతం మనిషి పంతం లాంటిదట, కావలసినదానికంటే కాస్త ఎక్కువ లాగితేనే అనుకున్న చోటుకి వచ్చి ఆగుతుందట. మధ్యాహ్నం భోజనానికి అమ్మాజీ పిలిచినా మాస్టారు లేవలేదు. ఇస్త్రీ చొక్కా నిండా గ్రీజు. "ఇరవై రెండు... పదహారు... తొమ్మిది..." అని అరుస్తూ, సాయంత్రం నాలుగింటికి "రెండు!" అన్నారు.

"చాలండి" అన్నాడు దేవసహాయం. "తొమ్మిదేళ్ళ బండికి ఆ రెండూ ఉండాలి. చక్రాల కోణాలు ఎల్లుండి లోపు అమలాపురంలో చూపించుకోండమ్మా."

రత్నమాల బండెక్కింది, పక్కన మాస్టారు. కాలవ వెంబడి తిన్నటి రోడ్డు ఎక్కీ ఎక్కగానే బండి కుడి పక్కకి పోయింది. ఆమె బ్రేకు తొక్కి, తల బయటపెట్టి కేకేసింది. "బాబాయి గారూ! ఇప్పుడు కుడికి లాగుతోందండీ!"

వెనకనుంచి దేవసహాయం నవ్వు వినిపించింది. "బండి కాదమ్మా, ఇప్పుడు మాత్రం నీ చెయ్యే! నెలన్నర బండిని కుడికి లాగి కాసిందిగా, అలవాటు చావలేదు. ఓ రెండు క్షణాలు వదిలెయ్యి, అదే నేర్చుకుంటది!"

రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె మెల్లిగా వేగం అందుకుంది. ముందు కుడి చెయ్యి తీసింది. తర్వాత ఎడం చెయ్యి, ఒక్కొక్క వేలే విప్పి, స్టీరింగు మీద బెత్తెడు ఎత్తున ఆపింది. బండి ఎటూ చూడలేదు. ఒక కరెంటు స్తంభం దాటింది, రెండోది దాటింది. పక్కన కాలవ నీళ్ళూ, రోడ్డూ, బండీ మూడూ ఒకదాన్నొకటి చూసుకుంటూ తిన్నగా పోతున్నాయి.

"మాస్టారూ, మీరెందుకండీ ఆ డ్యాషుబోర్డు అంత గట్టిగా పట్టుకున్నారు?"

"నువ్వు పట్టుకోలేదు కదమ్మా, ఎవరో ఒకరు పట్టుకోవాలి" అన్నారాయన. నెమ్మదిగా ఒక చెయ్యి వదిలి, గ్రీజు వేళ్ళతోనే ఫోను తీసి నొక్కారు.

"ఏమోయ్, సోమవారం రమ్మన్నాను కదూ... ఆఁ, వద్దు. తర్వాత కాదు, అసలు వద్దు. మా వ్యానుకి డ్రైవరు గారున్నారు."

ఆరేళ్ళలో ఆయన ఆమెని గారూ అనడం అదే మొదటిసారి. రత్నమాల రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, గేరు మార్చింది.